పొగ లేని నిప్పు

థయోఫ్లావిన్-టి పసుపు రంగు పొడి. సూదిమొన మీద నిలిచేంత తీసి నీళ్లలో కలిపితే లేత పసుపు నీరవుతుంది. దాని మీద నీలి కాంతి వేసినా ఉలుకూ పలుకూ ఉండదు. ఆ అణువులో రెండు ముక్కలుంటాయి. రెంటినీ కలిపే బంధం చుట్టూ అవి ఎడతెగకుండా మెలితిరుగుతూ ఉంటాయి. మీద పడ్డ కాంతి శక్తి దాదాపు అంతా ఆ తిరుగుడుకే ఖర్చయిపోతుంది. అదే నీళ్లలో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పోగులుంటే, పోగు పొడవునా ఉండే సన్నని చాళ్లలో ఈ అణువు ఇరుక్కుంటుంది. తిరగడానికి చోటుండదు. అప్పుడా శక్తికి మిగిలిన దారి ఒకటే, 480-490 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కలిసిన నీలి వెలుగుగా బయటికి రావడం. ఈ రంగు అమిలాయిడ్‌ను పట్టిస్తుందని వాసర్, కల్లింగ్ అనే ఇద్దరు 1959లో చూపించారు. అల్జీమర్స్, పార్కిన్సన్స్ లాంటి జబ్బుల్లో మెదడులో పేరుకునే ప్రొటీన్లను వెతకడానికి ఆ తర్వాత ఎన్నో ఫ్లోరసెంట్ ప్రోబ్‌లు వచ్చాయి గానీ ఈ పాత పొడికి ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు. హైదరాబాద్‌లో కాచిగూడ చౌరస్తా నుంచి ఉస్మానియా యూనివర్సిటీ మీదుగా తార్నాక దాటితే వచ్చే హబ్సీగూడలో, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో, బి. రామన్, సీహెచ్. మోహన్‌రావు, వారి సహచరులు జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి 2005లో బయోకెమికల్ జర్నల్‌లో ఒక పని ప్రచురించారు. ఆల్ఫా-బి క్రిస్టలిన్ అనే ప్రొటీన్‌ను కలిపితే అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ బీటా పోగులు పెరగకుండా ఆగుతాయని అందులో చూపారు. కంటి కటకంలో దండిగా ఉండే ప్రొటీన్ అది. పోగు ఆగిందని తెలిసింది ప్రధానంగా ఈ పసుపు పొడి వెలుగు పెరగకపోవడం వల్లే.

ఆ వెలుగు దేనికి సాక్ష్యం అన్నది నా ప్రశ్న. లాబ్‌లో అది పోగుకు సాక్ష్యం. ఆసుపత్రికి వచ్చేసరికి జబ్బుకు సాక్ష్యమవుతుంది. ఇంటికి వచ్చేసరికి, స్కాన్ ఫిల్మ్ బీరువాలో పెట్టాక, అదే మనిషి లేడనడానికి సాక్ష్యంగా మారిపోతుంది. డిమెన్షియా ముదిరిన పెద్దవాళ్లున్న ఇళ్లలో రెండు మాటలు వినపడతాయి. మా నాన్న ఎప్పుడో వెళ్లిపోయాడండీ, ఇది ఉత్త ఒళ్లు, అని కొందరు. మెదడుకేగానీ ఆత్మకు మతిమరుపేమిటండీ, అని ఇంకొందరు. మొదటివాళ్లు సైన్సు పక్షాన, రెండోవాళ్లు మతం పక్షాన మాట్లాడుతున్నట్టు పైకి కనిపిస్తుంది. నా ఉద్దేశంలో రెండు మాటలూ తొందరపాటువే. వెలుగు నుంచి పోగుకు, పోగు నుంచి జబ్బుకు, జబ్బు నుంచి మనిషి లేకపోవడానికి మనం మూడు మెట్లు దిగుతున్నాం. మొదటి మెట్టు కొంత గట్టిది, రెండోది ఊగుతుంది, మూడోది అసలు లేదు. ఈ సంగతి కనిపెట్టడానికి కొత్త తత్వశాస్త్రమేమీ అక్కర్లేదు. మన తర్కవిద్యార్థులు మొదటి ఏడాది చదువుకునే తర్కసంగ్రహం చాలు. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడే.

కొండ మీద పొగ కనపడితే అక్కడ నిప్పుందని ఊహిస్తాం. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్న నియమం, అంటే వ్యాప్తి, ముందే మనకు తెలుసు కాబట్టి. దీన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉందనవచ్చా? అనకూడదంటాడు అన్నంభట్టు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడికట్టె తగలాలి. ఈ తడికట్టెను ఉపాధి అన్నారు. అనుమానంలో, అంటే ఆధారం నుంచి తేల్చే ఊహలో, మనం చెప్పకుండా దాచిపెట్టిన, దాచిపెట్టామని మనకే తెలియని షరతు అది. ఇంతకన్నా పదునైన పనిముట్టు బయోమార్కర్ల, అంటే జబ్బును పట్టించే శరీరపు ఆనవాళ్ల, చర్చలో నాకు మరొకటి కనపడలేదు. ముందు మొదటి మెట్టు చూద్దాం. ప్రోబ్ వెలిగింది కాబట్టి అమిలాయిడ్ ఉంది. చాలావరకు నిజం. అయితే థయోఫ్లావిన్‌కు కావలసింది తిరగకుండా ఇరుక్కోవడం, అంతే. గ్లిజరాల్ లాంటి చిక్కని ద్రవంలో వేసినా దాని వెలుగు పెరుగుతుంది, కొన్ని రకాల డీఎన్‌ఏకు అంటుకున్నా వెలుగుతుంది. కాబట్టి లాబ్‌లో పనిచేసేవాళ్లు ఒక్క వెలుగును నమ్మి ఊరుకోరు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పోగును కళ్లారా చూసి రూఢి చేసుకుంటారు. మెట్టు గట్టిదంటే అర్థం అదే, అనుమానాన్ని ప్రత్యక్షంతో సరిచూసుకునే వీలుంది.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యం. వెలగలేదు కాబట్టి ఏమీ లేదు అనవచ్చా? అమిలాయిడ్ బీటా పోగుగా మారకముందు కొన్ని అణువులు గుంపుకట్టి నీళ్లలో తిరుగుతుంటాయి. వీటిని ఒలిగోమర్లంటారు. నాడీకణాలను దెబ్బతీయడంలో పోగుకన్నా ఇవే ముందుంటాయని చాలామంది శాస్త్రవేత్తల అనుమానం. వాటికి ఆ చాళ్లు సరిగా ఏర్పడి ఉండవు కాబట్టి థయోఫ్లావిన్ వాటి దగ్గర దాదాపు చీకటిగానే ఉండిపోతుంది. అసలు ప్రమాదం ఎక్కువున్న చోట దీపం వెలగడం లేదన్నమాట. కొత్త ప్రోబ్‌ల కోసం ఇంత వెతుకులాట అందుకే. బెంగళూరులో జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధనా కేంద్రంలో టి. గోవిందరాజు బృందం లాంటివి ఏళ్ల తరబడి ఈ రసాయనాల మీద కూర్చున్నాయి. చర్మాన్నీ ఎముకనూ కొంత దాటగలిగే ఎరుపు పక్క కాంతితో వెలిగేవాటిని ఇంకొందరు తయారుచేసి ఎలుకల మెదళ్లలో చూస్తున్నారు. ఈ లోపు మన మీమాంసకులు ఎప్పుడో చెప్పి పెట్టిన ఒక నియమం గుర్తుంచుకుంటే మేలు. కుండ కనపడలేదు కాబట్టి కుండ లేదని చెప్పాలంటే, కుండ ఉండి ఉంటే కనపడి తీరేంత వెలుతురూ చూపూ అక్కడ ఉండాలి. చీకటిగదిలో కనపడకపోవడం లేమికి రుజువు కాదు. కుమారిలభట్టు సంప్రదాయం దీన్ని యోగ్యానుపలబ్ధి అంది. లేదు అని చెప్పే ప్రతి రిపోర్టునూ ఈ గీటురాయి మీద గీసి చూడాలి. ఈ నియమంతో మూడో మెట్టు దగ్గర పెద్ద పని ఉంది.

రెండో మెట్టు, పోగు నుంచి జబ్బుకు. 1906లో అలోయిస్ అల్జీమర్ తన దగ్గరికి అయిదేళ్ల కిందట వచ్చిన ఒక స్త్రీ మెదడును, ఆమె చనిపోయాక, వెండి లవణాల రంగుతో చూసినప్పుడు అమిలాయిడ్ పోగులు పేరుకున్న గడ్డలూ, నాడీకణాల్లోని చిక్కులూ బయటపడ్డాయి. అప్పటి నుంచి దాదాపు వందేళ్లు ఆ గడ్డల్ని చూడాలంటే మనిషి పోవాల్సిందే. పిట్స్‌బర్గ్‌లో క్లంక్, మాథిస్ అనే ఇద్దరు థయోఫ్లావిన్ అణువునే సవరించారు. దాని మీదున్న ధనావేశం తీసేస్తే అది రక్తం నుంచి మెదడులోకి వెళ్లగలుగుతుంది. ఆ నీలి కాంతి మనిషి పుర్రె దాటి రాదు కాబట్టి వెలుగుకు బదులు రేడియోధార్మిక కార్బన్-11ను తగిలించారు. 2002లో స్వీడన్‌లోని ఉప్సలాలో మొదటిసారి బతికున్న రోగి మెదడులో అమిలాయిడ్ తెర మీద కనపడింది. అదొక ఘనవిజయం, అందులో సందేహం లేదు. కానీ అదే విజయం ఒక ఇబ్బందిని కూడా బయటపెట్టింది. బుద్ధి చక్కగా పనిచేస్తున్నవాళ్ల మెదళ్లు కూడా వెలగడం మొదలుపెట్టాయి. ఎన్నో దేశాల స్కాన్‌లనూ వెన్నునీటి పరీక్షలనూ కలిపి 2015లో వేసిన లెక్క ప్రకారం, ఏ మతిమరుపూ లేనివాళ్లలో 50 ఏళ్ల వయసుకు దాదాపు 10 శాతం మందిలో, 90 ఏళ్లకు 44 శాతం మందిలో అమిలాయిడ్ ఉంది. అమెరికాలో డేవిడ్ స్నోడన్ 678 మంది క్రైస్తవ సన్యాసినులను బతికినంతకాలం పరీక్షించి, పోయాక వాళ్ల మెదళ్లు చూశాడు. 101 ఏళ్లు బతికి, చివరిదాకా పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక సిస్టర్ మెదడులో గడ్డలు దండిగా ఉన్నాయి. ఇనుప గుండు కాలుతోంది, పొగ లేదు.

ఇంకో పక్క నుంచి కూడా ఈ మెట్టు ఊగింది. లెకనెమాబ్ అనే మందు మెదడులోని అమిలాయిడ్‌ను చాలావరకు ఊడ్చేస్తుంది, స్కాన్‌లో తేడా స్పష్టంగా కనపడుతుంది. పద్దెనిమిది నెలల పరీక్షలో రోగుల క్షీణత మాత్రం ఆగలేదు, మందు ఇవ్వనివాళ్లతో పోలిస్తే 27 శాతం నెమ్మదించింది. కొందరిలో మెదడు వాపు, చిన్న రక్తస్రావాలు వచ్చాయి. ఆ మందు దండగని నేననడం లేదు. నిప్పు మీద నీళ్లు చల్లితే పొగ కొంతే తగ్గిందంటే, ఆ పొగకు ఈ నిప్పు ఒక్కటే కారణం కాదన్నమాట. అయినా 2018లో అమెరికా పరిశోధకులు అల్జీమర్స్‌ను లక్షణాలతో పని లేకుండా బయోమార్కర్లతోనే నిర్వచించారు, 2024లో ఆ నిర్వచనం పరిశోధన నుంచి వైద్యం దాకా జరిగింది. అదే ఏడాది ఇంకో అంతర్జాతీయ బృందం దీన్ని కాదంది, ఏ ఇబ్బందీ లేని మనిషికి గడ్డ ఉన్నంత మాత్రాన రోగి అని పేరు పెట్టకూడదంది. నా మొగ్గు ఈ రెండోవాళ్ల వైపే. రక్తపరీక్షతోనే తేల్చే రోజులు వచ్చేశాయి, 2025 మేలో అమెరికా ఔషధ సంస్థ అలాంటి మొదటి పరీక్షను అనుమతించింది. దాన్ని లక్షణాలున్నవాళ్లకే ఉద్దేశించారు గానీ, మన డయాగ్నస్టిక్ సెంటర్ల ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల తీరు తెలిసినవాళ్లెవరికైనా ఇది ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు.

మరి తడికట్టె ఏది? టావ్ అనే మరో ప్రొటీన్ చిక్కులు, రక్తనాళాల ఆరోగ్యం, వాపు, చదువు, ఇలా చాలా చెబుతారు. వీటిలో ఒకటి మన ఊరిదే. నిమ్స్‌లో అప్పట్లో న్యూరాలజిస్టుగా ఉన్న సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, ఇంకొందరు కలిసి హైదరాబాద్‌లోని 648 మంది డిమెన్షియా రోగుల రికార్డులు పరిశీలించి 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించారు. వాళ్లలో 391 మందికి రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలొచ్చు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు వల్ల వచ్చిన తేడా అనడానికి లేదు, అక్షరం ముక్క రానివాళ్లలో కూడా తేడా కనపడింది, ఆరేళ్ల దాకా. కెనడాలో ఇలాంటి ఫలితం ముందే వచ్చింది గానీ అక్కడ రెండు భాషలవాళ్లు ఎక్కువగా వలసవచ్చినవాళ్లు. ఇక్కడ ఆ పేచీ లేదు. రెండు భాషలు రావడం హైదరాబాద్‌లో ఎవరి ఘనతా కాదు, కాచిగూడలో మరీనూ. 1916లో నిజాం కట్టించిన స్టేషన్, ఆయన రైల్వేల ముఖ్యకార్యాలయం, ఇక్కడికి నాలుగు వైపుల నుంచీ జనాన్ని దించాయి. కన్నడంవాళ్ల నృపతుంగ పాఠశాల కాచిగూడలోనే ఉంది, మరాఠీవాళ్ల వివేకవర్ధిని జాంబాగ్‌లో, 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్ బజార్‌లో. అబిడ్స్, నాంపల్లి వైపు కదిలితే ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడి, మెట్లు దిగి మార్వాడీ కొట్లో హిందీలో పప్పు బేరమాడి, ఆటోవాలాను కిత్తే లేతే భయ్ అని అడిగే ముసలాయనకు తను మూడు భాషలు మార్చానన్న స్పృహ కూడా ఉండదు. అలా మార్చినప్పుడల్లా ఒక భాషను అణచి ఇంకోదాన్ని పైకి తీసే పని మెదడు చేస్తూనే ఉంటుంది. మూడో భాష వల్ల అదనపు లాభం ఆ లెక్కల్లో కనపడలేదు, కాచిగూడవాళ్లకు అదొక చిన్న నిరాశ.

దీనికి ఆక్షేపణ ఉంది, బలమైనదే. ఇది ఆసుపత్రికి వచ్చినవాళ్ల రికార్డుల మీద చేసిన పని. రెండు భాషలవాళ్లు ఏ కారణంచేతనో ఆసుపత్రికి ఆలస్యంగా వస్తుంటే? జబ్బు లేనప్పటి నుంచి ఏళ్ల తరబడి జనాన్ని గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ తేడా రాలేదు కూడా. ఒప్పుకుంటాను. నా వాదన నాలుగున్నరేళ్ల అంకె మీద ఆధారపడి లేదు. గడ్డకూ మనిషి ప్రవర్తనకూ మధ్య ఆ మనిషి బతుకు అడ్డుపడుతుందన్నదే నాకు కావలసింది. దానికి సన్యాసినుల మెదళ్లు, 44 శాతం, లెకనెమాబ్ ఫలితం చాలు. నిమ్స్ లెక్క ఆ బతుకు అనే దానికి ఒక రూపం చూపిస్తుంది. భాష ఎవడూ ఒంటరిగా సంపాదించుకునే ఆస్తి కాదు. తల్లీ, పక్కింటివాళ్లూ, బజారూ కలిసి ఒక తలలో పెట్టినది. ప్రోబ్ చూసేది ఒక పుర్రె లోపల. తడికట్టె మాత్రం కొంత పుర్రె బయట ఉంది.

ఇప్పుడు మూడో మెట్టు. జ్ఞాపకం పోయింది కాబట్టి మనిషి లేడు. ఇది చార్వాకుల వాదమని తోసిపారేయడం తేలిక, కానీ వాళ్ల పక్షం ఇక్కడ చాలా బలంగా ఉంది. పిండి పులిస్తే మత్తు పుట్టినట్టు భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందన్నారు వాళ్లు. అమిలాయిడ్ బీటాలో ఎక్కువ హానికరమైన ముక్క పొడవు 42 అమైనో ఆమ్లాలు. అంత చిన్న ముక్క మడత తప్పి పేరుకుంటే కూతురి పేరు పోతుందంటే, ఆ పేరు ఉన్నది శరీరంలోనే కదా? దీన్నెదుర్కోవడంలో అందరికన్నా ఇరుకున పడేవాళ్లు న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు. ఆత్మ ఉందనడానికి వాళ్లు చూపే ముఖ్య ఆధారాల్లో ఒకటి జ్ఞాపకమే. నిన్న చూసినదాన్ని ఇవాళ తాకి, ఇది అదే అని గుర్తుపడుతున్నాం కాబట్టి చూసినవాడూ తాకినవాడూ ఒకడే, వాడే ఆత్మ. పైగా అనుభవం వదిలివెళ్లే సంస్కారం ఆత్మ గుణమే, శరీరానిది కాదన్నారు. మరి ఆత్మలో ఉన్న సంస్కారాన్ని మెదడులోని ప్రొటీన్ ఎలా చెరిపింది? సంస్కారం ఉంది, దాన్ని మేల్కొలిపే ఉద్బోధకం తగలడం లేదు, అని వాళ్లు జవాబు చెప్పుకోవచ్చు. వినడానికి బాగుంది. కానీ పరీక్షకు నిలవదు. మేల్కొలుపు సమస్యే అయితే ఆనవాలు చెబితే గుర్తు రావాలి. అల్జీమర్స్ తొలి దశలో కొత్త మాటల జాబితా నేర్పి, అది ఒక పండు అని ఆనవాలు అందించినా చాలామందికి రాదు. ఆ సంగతినే వైద్యులు ఈ జబ్బును గుర్తుపట్టడానికి వాడుకుంటారు. అక్కడ సంస్కారమే పడలేదు. మన దర్శనాల మీద గౌరవముంటే వాటిని ఇలాంటి చోట ఓడిపోనివ్వాలి కూడా.

అద్వైతికి ఈ ఇరుకు లేదు. మనసు, బుద్ధి, జ్ఞాపకం అన్నీ జడమేనని, అంతఃకరణ అనే పనిముట్టులో భాగాలేనని ఆయన ముందే ఒప్పేసుకున్నాడు. విద్యారణ్యుల పంచదశిలో నాటకదీపం అని ఒక ప్రకరణమే ఉంది. రంగస్థలం మీది దీపం సభాపతినీ, ప్రేక్షకులనూ, నర్తకినీ సమానంగా చూపిస్తుంది, అందరూ వెళ్లిపోయాక ఖాళీ రంగాన్ని కూడా చూపిస్తూ వెలుగుతూనే ఉంటుంది. సాక్షి అలాంటిది. అహంకారం, బుద్ధి, విషయాలు వచ్చిపోతుంటాయి, దానికి లోటు లేదు. నర్తకి అడుగులు తప్పితే దీపానికేం? ఈ వాదాన్ని ఏ స్కాన్ కూడా కొట్టేయలేదు. దాని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. ఏది జరిగినా చెక్కుచెదరని సాక్షి, ఏది జరిగినా ఎవరికీ తోడు కూడా కాదు. సాక్షి కూతుర్ని గుర్తుపట్టదు, మందు చేదని మొహం తిప్పుకోదు, సాయంత్రమయ్యేసరికి ఇంటికి పోతానని తలుపు దగ్గర నిలబడదు. ఇంట్లోవాళ్లు పోగొట్టుకుంటున్నది, ఇంకా చేతిలో ఉన్నది, రెండూ ఆ మనిషి. ఆత్మకు మతిమరుపేమిటండీ అనే మాట సిద్ధాంతంగా తప్పు కాకపోవచ్చు. పరామర్శకు వచ్చినవాళ్లు అది చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోతారు. మిగతా పగలూ రాత్రీ ఎవరు చూస్తారన్నది ఆ మాటలో లేదు.

రామానుజుల మార్గం నాకు ఇంతకన్నా దగ్గరగా తోస్తుంది. జీవుడు స్వయంప్రకాశం, అతని నుంచి బయటికి ప్రసరించే జ్ఞానం వేరు, దాన్ని ధర్మభూతజ్ఞానమన్నారు. అది ముడుచుకుంటుంది, విప్పారుతుంది, శరీరాన్ని బట్టి, కర్మను బట్టి. ముడుచుకోవడం నిజమైన లోటు, మాయ కాదు. అయినా ముడుచుకున్నవాడు ఉన్నాడు. నేను దీన్ని రుజువుగా చూపడం లేదు, సరైన ప్రశ్న అడిగిస్తుందంటున్నాను. ముడుచుకున్న మనిషిని కనిపెట్టే వెలుతురు మన దగ్గరుందా? యోగ్యానుపలబ్ధి ఇక్కడ మళ్లీ ముందుకొస్తుంది. మనం వాడే పరీక్ష ఇవాళ తేదీ ఎంత, ఇది ఏ ఊరు, ఇందాక చెప్పిన మూడు మాటలేవి అని అడుగుతుంది. ముప్పైకి మార్కులు వేస్తుంది. అది కొలిచేదాన్ని బాగానే కొలుస్తుంది. 2014లో అయోవా యూనివర్సిటీ పరిశోధకులు అల్జీమర్స్ రోగులకు ఏడిపించే సినిమా ముక్కలు, నవ్వించే ముక్కలు చూపించారు. కాసేపటికి ఏం చూశారో వాళ్లకు గుర్తు లేదు. దుఃఖం మాత్రం అరగంట తర్వాత కూడా ఉంది. ఎందుకో తెలియని దుఃఖం. ముప్పై మార్కుల కాగితంలో దానికి గడి లేదు. పిల్లల పేర్లు పోయాక కూడా చిన్నప్పుడు కంఠస్థం చేసిన స్తోత్రాన్ని అందుకునేవాళ్లున్నారు, అలాంటి జ్ఞాపకాలు వేరే దారుల్లో ఉంటాయి కాబట్టి ఆలస్యంగా పోతాయి. అడగడం చేతకాని చోట జవాబు రాలేదని, అక్కడ ఎవరూ లేరని తేల్చడం చీకటిగదిలో కుండ లేదనడమే.

నమ్మకం ఉన్నవాళ్లకు ఇంతకన్నా కఠినమైన చిక్కు ఇంకోటుంది. అంత్యకాలంలో ఏది తలుచుకుంటూ శరీరం వదులుతామో దాన్నే పొందుతామని గీత ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. మరి తలుచుకునే శక్తే ముందు పోయినవాళ్ల గతి? జీవితమంతా అభ్యాసం చేసినవాడికి చివర అదే వస్తుందని వ్యాఖ్యాతలు సర్దిచెప్పారు. ఈ జబ్బు ఆ సర్దుబాటును వమ్ము చేస్తుంది. అరవై ఏళ్లు రామకోటి రాసినామె రాముడెవరని అడిగే రోజు వస్తుంది. 42 అమైనో ఆమ్లాల ముక్క మోక్షాన్ని నిర్ణయిస్తుందనుకోవడం ఏ భక్తుడికైనా రోతగానే ఉంటుంది. గోల్కొండ చెరసాలలో మగ్గిన కంచెర్ల గోపన్న దాశరథీ శతకంలో ఈ భయాన్ని మొహం తిప్పుకోకుండా చూశాడు. ముసలితనంలో, రోగంలో, చుట్టాలు చుట్టూ మూగిన వేళ నీ స్మరణ కలుగుతుందో లేదోనన్న అనుమానంతో, ఆనాటి బాకీని ముందే తీర్చేస్తానన్న ధోరణిలో ఒక పద్యం చెప్పాడు. వరాహ చరమశ్లోకమని శ్రీవైష్ణవులు చెప్పుకునేది ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఒళ్లూ మనసూ బాగున్న రోజుల్లో నన్ను తలిచినవాడు చివర కట్టెలా రాయిలా పడి ఉన్నప్పుడు అతణ్ని నేను తలుచుకుంటానని అక్కడ దేవుడే మాట ఇస్తాడు. తలుచుకునే పని చేతులు మారింది. నాంపల్లి మసీదుల్లో చదువుకున్నవాళ్లు చెప్పేదీ దీనికి దూరం కాదు. మతి తప్పినవాడి విషయంలో, పసివాడి విషయంలోలాగే, లెక్క రాసే కలం ఆగుతుందని హదీసు.

సీసీఎంబీ స్థాపకుడు పుష్పమిత్ర భార్గవ ఉంటే దీనికి ఏమనేవారో ఊహించవచ్చు. సైన్సు దృక్పథం కోసం 1960లలోనే సంఘం పెట్టి, యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సుల మీద కోర్టుకెక్కిన మనిషి. శ్లోకం ఒక ఓదార్పు, దాన్ని ప్రొటీన్ల పక్కన పెట్టి మాట్లాడటం కల్తీ, అనేది న్యాయమైన ఆక్షేపణే. శ్లోకం వల్ల పోగు కరగదు, పరలోకం రుజువు కాదు. కానీ పై వాదంలో ఏ మెట్టూ శ్లోకం మీద నిలబడలేదు, లెక్కల మీద, తర్కం మీద నిలబడింది. శ్లోకం చేసిన పని వేరు. జ్ఞాపకం ఒకడి తలలో ఉంటేనే వాడు ఉన్నట్టు అనే ఊహ నాస్తికుడికీ ఆస్తికుడికీ ఉమ్మడిగా ఉంది, దాన్ని కాదనడానికి వీలుందని ఆ కవులు చూపించారు. ఇంకో ఆక్షేపణ డాక్టర్ల నుంచి రావచ్చు. మనిషి ఎలాగూ ఉన్నాడంటూ పోతే ఇక ప్రోబ్‌లెందుకు, మందులెందుకు అని. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం, దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. ముడుచుకోవడం నిజమైన లోటని ఒప్పుకున్నాక దాన్ని ఆపే ప్రతి పనీ కావలసిందే. ఒలిగోమర్‌ను పట్టే ప్రోబ్ రేపు వస్తే దానికన్నా మంచివార్త ఉండదు. దాని వెలుగును ఏ మెట్టు దాకా నమ్మాలన్నదే తగాదా.

ఈ వాదం ఓడిపోయే దారి కూడా ఉంది, దాన్ని దాచడం భావ్యం కాదు. మనిషి ఉన్నచోటల్లా తప్పకుండా వెలిగి, లేనిచోట వెలగని ప్రోబ్ ఒకటి ఎవరైనా చూపిస్తే, దాని చీకటి యోగ్యానుపలబ్ధి అవుతుంది, నేను మూడో మెట్టు ఒప్పుకుంటాను. అలాంటిదాన్ని తయారుచేయాలంటే ముందు మనిషి అంటే ఏ అణువో ఎవరో ఒకరు చెప్పాలి. హబ్సీగూడలోగానీ, బెంగళూరులోగానీ, పిట్స్‌బర్గ్‌లోగానీ ఈ రసాయనాలతో పనిచేసేవాళ్లెవరూ అంత మాట అనలేదు. వాళ్ల పేపర్లలో ఉండేది పోగు, దాని పొడవు, వెలుగు తీవ్రత, ఎన్ని గంటలకు పెరిగిందన్న గ్రాఫు. మూడో మెట్టు మనం ఇంటికొచ్చాక కట్టుకున్నదే.